ఆగి ఆగి నడిచే చెయ్యి

మిషను విమానం తోకదాకా చేరేలోపు ఆయన ఒక మాట చెప్పాలి. ఆ మాట అబద్ధమే అయినా నాలుక చివర సిద్ధంగా ఉంది. రేకు చల్లారడానికి ఆగుతుందమ్మా, అంటే చాలు. అంతకంటే పొడుగు మాట ఆయన నోటినుంచి ఎవరూ విన్నది లేదు గనక అనుమానం కూడా రాదు. నల్లద్దం వెనక స్టూలు మీద కూర్చుని, వేళ్ళు ఎర్ర బటను పక్కన ఆనించి, షెడ్డు మధ్యలో రెక్కలు చాపుకుని నిలబడ్డ విమానాన్ని చూస్తున్నాడు. ముక్కు దగ్గర మిషను చెయ్యి పైకి లేచింది, రేకు మీద వంగింది, చివరనున్న లేజరు వెలిగింది. వెలుగు తగిలిన చోటల్లా రంగు చిటపటమని పొగైపోతుంటే, పక్కనే ఉన్న గొట్టం ఆ పొగని పీల్చేసుకుంటోంది, వెనక జానెడు వెడల్పున తెల్లటి లోహం బయటపడుతోంది. నీలం పోయింది, దాని కింద తెలుపు పోయింది, ఆ కింద పసుపుపచ్చ ప్రైమరు పోయింది. ఒకప్పుడు ఒక మనిషి పొద్దుటినుంచి సాయంత్రందాకా గీకితే తేలేంత రేకు, ఆయన రెండుసార్లు కళ్ళు నులుముకునేలోగా తేలిపోతోంది. ఆశ్చర్యమేమీ లేదు, ఆయన దీన్ని ఏళ్ళ తరబడి చూస్తూనే ఉన్నాడు. పని మానేశాక కూడా పిలిచి ఈ కాపలా స్టూలు మీద కూర్చోబెట్టారు, ఏదైనా తేడా వస్తే బటను నొక్కడానికి. తేడా ఎప్పుడూ రాలేదు. వచ్చినా రాకపోయినా ఆయన కూర్చునేవాడే, ఎందుకంటే ఆ ఇనపచెయ్యి నడిచే నడక ఆయన భార్యది.

మాటవరసకి అన్నది కాదు. నిజంగానే ఆవిడదే. ఈ రకం విమానాలు పాతవి, రేకు మీద రేకు అతుకు వేసినవి, కాగితాల మీది కొలత ఒకటైతే ఒంటి మీది వంపు ఇంకొకటి. మిషను తెచ్చినవాళ్ళు దాని చేతికి పిడి బిగించి, మీలో ఎవరి చెయ్యి నిలకడైనదో వాళ్ళు దీన్ని పట్టుకుని ముక్కునుంచి తోకదాకా ఒక్కసారి నడిపించండి, అది గుర్తుపెట్టుకుంటుంది అన్నారు. రంగు ఊడదీసే ముఠా అంతా ఒకేసారి ఆవిడ వైపు చూసింది. ఆవిడ చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చి, "రావే నా తల్లీ, నీకు ఓనమాలు దిద్దిస్తాను. మా ఆయనకి మాటలు నేర్పలేకపోయాను గాని నీకు పని నేర్పడమెంత!" అంది. అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ తుమ్ముల మేస్త్రీ నవ్వాడు, నవ్వి తుమ్మాడు. ముఠాలో ఆవిడ పేరు గలగల. ఆయన పేరు ఉలకడు. ఇద్దరి అసలు పేర్లూ హాజరు వేసేవాడికైనా గుర్తున్నాయో లేదో.

అదిగో, ఆగింది. ముక్కు దాటి మొదటి తలుపు దగ్గర లేజరు దీపం ఆరిపోయింది, చెయ్యి రేకుకి రెండు వేళ్ళ ఎడంలో నిలబడింది. మళ్ళీ వెలిగింది. ఎంతోసేపు కాదు, రెప్ప వేసి తీసినంత. ఇదే, ఈ ఆగడం గురించే పొద్దున ఇంజనీరమ్మ ఆయన దగ్గరికి టీ గ్లాసు పట్టుకుని వచ్చి అడిగింది. మంచి పిల్ల, తనకి తెలియంది తెలియదనే పిల్ల. "పెద్దాయనా, ఇవ్వాళ్టితో దీన్ని పక్కన పెట్టేస్తున్నాం. కొత్తదానికి కళ్ళున్నాయి, దారి అదే వెతుక్కుంటుంది. ఒక్కటే తేలడం లేదు నాకు. ఇది మధ్యమధ్యలో ఎందుకాగుతుంది? పనికి అవసరమైతే కొత్తదానికీ అలాగే చెప్తాం. కాకపోతే వదిలేస్తాం. నేర్పినావిడ లేరు కదా, మీకు తెలిసుంటుందని." ఆయన గ్లాసు అందుకుని ఊ అన్నాడు. ఆ ఊ లోనే నిర్ణయం కూడా చేసేసుకున్నాడు. అవసరమే అంటాడు. అంటే ఆవిడ ఈ ముసలి మిషనులోంచి లేచి కొత్తదాంట్లోకి వెళ్ళి కూర్చుంటుంది, అది పాతబడితే ఇంకోదాంట్లోకి. తను పోయాక కూడా ఎక్కడో ఒక షెడ్డులో ఒక చెయ్యి ఆగి, తనకోసం చూసి, మళ్ళీ నడుస్తుంది. మనిషికి ఇంతకంటే ఏం కావాలి? ఇంజనీరమ్మ వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, అంత పట్టించుకోనవసరం లేని సంగతిలాగా, "వేడి వల్లేనేమో అనుకుంటున్నా. మొదట్లో చిన్నగా ఆగుతుంది, పోనుపోనూ ఎక్కువసేపు ఆగుతుంది. తోక దగ్గరైతే మరీను. రేకు వేడెక్కేకొద్దీ అయ్యుంటుంది కదూ? మిషను అక్కడికి చేరేలోపు చెప్పండి, చాలు," అంది.

పోనుపోనూ ఎక్కువసేపు. అప్పట్నుంచీ ఆ ముక్క అరికాల్లో ముల్లులా ఉండిపోయింది, నడిస్తే గుచ్చుకుంటోంది, నిలబడితే మరిచిపోతున్నాడు. ఇన్నేళ్ళు చూసి తనెందుకు గమనించలేదు? మిషను దూరమయ్యేకొద్దీ కళ్ళు ఆనవు, నిజమే. అంతకంటే నిజం, ఎదురుచూపుకి ఎవరైనా కొలత పెడతారా? ఆగింది, తనకోసం ఆగింది, అంతే. ఆ మాట ఆవిడే అనేది. పనిలో చేరిన కొత్తలోంచీ ఎడమపక్క ఆవిడది, కుడిపక్క ఆయనది. ఆ రోజుల్లో దీపాలేవి, లేజర్లేవి, జిగురుజిగురుగా ఉండే మందు బ్రష్షుతో పులిమితే రంగు ముసలిచర్మంలా ముడతలు పడి లేచేది, దాన్ని చెక్కబద్దతో గీకి తీసేవాళ్ళు. మందు వాసనకి కళ్ళు మండి నీళ్ళు కారేవి. రెండు పక్కలవాళ్ళూ సమానంగా నడవాలి, ఒకరు ముందుపోతే వాళ్ళ మందు పొట్ట కిందినుంచి కారి రెండోవాళ్ళు గీకి శుభ్రం చేసిన చోట పడుతుంది, చేసిందంతా మళ్ళీ మొదటికొస్తుంది. మధ్యలో విమానం అడ్డం, ఒకరికొకరు కనబడరు. అందుకని కేకలు. ఓయ్ అని ఇటునుంచి ఒకరు, ఆఁ అని అటునుంచి ఒకరు. ప్రతి జంటా అంతే, షెడ్డంతా సంత లాగా ఉండేది. ఈ జంటలో మటుకు కేకలన్నీ ఒక పక్కవే. "ఓయ్ ఉలకడా, వస్తున్నావా, నిద్రపోతున్నావా?" అని ఆవిడ అరిచేది. ఆయన రేకు మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టేవాడు. టక్ టక్. అదే జవాబు. "ఏమ్మా గలగలా, మీ ఆయన నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయనా?" అని తుమ్ముల మేస్త్రీ అంటే, "ముత్యాలా, నా మొహమా, ఉన్న పళ్ళే ఊగుతుంటే!" అనేది. అందరూ నవ్వేవాళ్ళు, ఆయన కూడా, అటుపక్క, ఎవరికీ కనబడకుండా.

మళ్ళీ ఆగింది, రెక్క మొదట్లో. ఈసారి ఆయన చూశాడు. నిజంగా చూశాడు, ఆగిందని కాదు, ఎంతసేపు ఆగిందో. ఒక మనిషి నిలబడి గుమ్మానికి చెయ్యి ఆనించుకుని మళ్ళీ చెయ్యి తీసేసేటంతసేపు. దీపం ఆరినా గొట్టం ఆగదు, అది సుయ్యిమని లాగుతూనే ఉంటుంది, ఏ పొగా లేని ఉత్త గాలిని. ఆ చప్పుడు ఇన్నాళ్ళూ విన్నాడు, ఫ్యాను చప్పుడు విన్నట్టు. ఇవాళ అది చెవిలో పడి చెవిలోనే ఉండిపోయింది. ఎప్పుడో ఇంట్లో విన్న చప్పుడు. ఎక్కడిది? ఇంట్లో మెట్ల దగ్గరిది. వాళ్ళ గది పైఅంతస్తు, మెట్ల మలుపులో పక్కింటివాళ్ళ పూలకుండీ ఒకటి ఉండేది, ఆవిడ రోజూ అక్కడ ఆగి ఆకులు నిమిరేది, "చూడవయ్యా, మొగ్గ తొడిగింది," అనేది, ఆయన పైమెట్టు మీదినుంచి వంగి చూసేవాడు, మొగ్గ ఉండేది కాదు. కొత్తలో మలుపు దగ్గర మాత్రమే. తరవాత కింది అంతస్తు ముసలమ్మ తలుపు దగ్గర కూడా, యోగక్షేమాలు అడగడానికి. ఆ తరవాత మొదటి మెట్టు దగ్గరే, చెప్పులో రాయి పడిందని. వంతెన మీద నీళ్ళు చూద్దామని. మార్కెట్టులో కొనని సామాన్ల ముందు నిలబడి ధర అడగడం. ఆయనకి ఇవన్నీ ఆవిడ లక్షణంలా ఉండేవి. గలగల కదా, దారిలో ప్రతిదానితోనూ మాట్లాడాలి, చెట్టుతో, రాయితో, నీళ్ళతో. "నాన్నా, అమ్మ మెట్లెక్కలేకపోతోంది, గమనించావా?" అని కూతురు ఒకసారి అంది. ఆయన నోరు తెరిచేలోగా, తెరిచేవాడో లేదో తెలియదుగాని, ఆవిడే అందుకుంది. "నోర్ముయ్యవే, మీ నాన్న నత్తనడకకి ఆగుతున్నా. నేను నా నడక నడిస్తే ఆయన రేపటికి గాని ఇల్లు చేరడు." కూతురు నవ్వింది. ఆయనా నవ్వాడు. అంతటితో ఆ మాట అక్కడే నేల మీద పడిపోయింది, ఎవరూ ఏరుకోలేదు.

కాదు, కాదు. మెట్లు వేరు, ఇది వేరు. మెట్ల సంగతి తరవాతెప్పటిదో. మిషనుకి నేర్పిన రోజున ఆవిడ కులాసాగా ఉంది, పిడి పట్టుకుని రాణీలా నడిచింది, తనకి బాగా గుర్తు. ఆ రోజు కూడా ఆగింది నాకోసమే, ఎప్పటిలాగే ఎడమపక్కనుంచి కేకేసింది, ఎప్పటిలాగే నేను టక్ టక్ మన్నాను. ఆయన ఆ రోజుని వెనక్కి లాగి ఎదురుగా నిలబెట్టుకున్నాడు. షెడ్డు పైకప్పు అద్దాల్లోంచి ఎండ పడుతోంది. మిషనువాళ్ళు ఒక్కపక్కే చాలన్నారు, కుడిపక్కకి దాన్నే అద్దంలో బొమ్మలా తిప్పుకుంటామన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. "అటుపక్క మా ఆయన లేకపోతే నా కాళ్ళు నడవవు బాబూ," అంది. సరే నడవమన్నారు ఆయన్ని కూడా, ఊరికే, తోడుగా. ఊరికే. మందు లేదు, బ్రష్షు లేదు, చెక్కబద్ద లేదు. చేతులు వెనక్కి కట్టుకుని పెళ్ళికి వచ్చిన చుట్టంలా కుడిపక్కన నడిచాడు. గీకేది లేనివాడు వెనకబడతాడా? వెనకబడలేదు. తనే ముందు నడిచాడు. తలుపు దగ్గర ఆగి ఆవిడ కోసం చూశాడు, రెక్క దగ్గర ఆగి చూశాడు, కిటికీల వరసలో ఆగి చూశాడు, ఇదేమిటి ఇవాళ ఇంకా రాదు, కొత్త పని కదా, జాగ్రత్తగా చేస్తోంది కాబోలు అనుకున్నాడు. అనుకున్నాడు, అవును, ఆ అనుకున్నది కూడా ఇప్పుడు మాటలతో సహా గుర్తొస్తోంది. అటునుంచి కేక వినబడేది, "ఓయ్, వస్తున్నావా?" అని. ముందున్నవాణ్ణి పట్టుకుని వస్తున్నావా అని అడగడమేమిటి? అప్పుడు తట్టలేదు. తట్టకపోగా వంగి, వేలి కణుపుతో, టక్ టక్.

కిటికీల వరసలో మిషను ఆగింది. సుయ్యిమని గాలి. ఆగింది. ఇంకా ఆగే ఉంది. వెలిగింది. నాలుగు కిటికీలు కూడా నడవలేదు, మళ్ళీ ఆగింది. ఆయన వేళ్ళు బటను పక్కనుంచి జారి ఒళ్ళో పడ్డాయి. అంటే ఆ రోజుకే ఉంది. మెట్ల కంటే ముందే, మొగ్గ కంటే ముందే, డాక్టరు ఎక్స్‌రే బొమ్మ వెలుతురుకి పెట్టి చూసి, ఎన్నాళ్ళనుంచి ఇలా ఉందని అడిగిన నాటికి ఎంతో ముందే. డాక్టరు అడిగింది ఆవిణ్ణి కాదు, ఆయన్ని. పక్కనుండేవాళ్ళకే తెలుస్తుందని. ఆయన ఉలకలేదు. ఆవిడే ముక్కుకి పెట్టిన గొట్టం పక్కకి జరిపి, "ఆయన్నడిగితే ఏం చెప్తాడు సార్, గోడనడగండి, అది నయం," అంది, నవ్వబోయి దగ్గింది. డాక్టరు ఇంకో ప్రశ్న వేశాడు. పనిలో మాస్కు పెట్టుకునేదా? పెట్టుకునేది. ఎప్పుడూ పెట్టుకునేది. మందుకీ, ఆ పసుపుపచ్చ ప్రైమరు దుమ్ముకీ మాస్కు లేకుండా ఎవరు బతుకుతారు? పెట్టుకునేది అని ఆయన తల ఊపాడు. అది అబద్ధం కాదు. కానీ మాస్కులోంచి కేక బయటికి రాదు. కేక వేయాలంటే దాన్ని గడ్డం కిందికి లాగాలి, లాగి గుండెనిండా గాలి పీల్చుకుని, ఓయ్ అనాలి. మిగతా జంటల్లో ఒకసారి వీళ్ళు లాగితే ఒకసారి వాళ్ళు లాగేవాళ్ళు, సగం సగం పంచుకునేవాళ్ళు. వీళ్ళ జంటలో ఆయన మాస్కు ఎప్పుడూ జారింది లేదు. టక్ టక్ మనడానికి మాస్కు తీయక్కర్లేదు. ముఠాలో అందరిలోకీ గట్టి ఊపిరితిత్తులు ఉలకడివేనని ఆస్పత్రిలో పరీక్ష చేసినాయన మెచ్చుకున్నాడు కూడా.

రెక్క వెనక భాగం తెల్లబడింది. ఎండ వంగి లోహం మీద పడి అద్దం మీదికి తిరిగి కొట్టింది, ఆయన కళ్ళు చికిలించాడు. ఇన్నాళ్ళూ ఈ స్టూలు మీద కూర్చుని ఏం చూశాడు తను? ఎదురుచూపనుకుని ఏం చూశాడు? ఒక మనిషి ఊపిరందక నిలబడిపోవడాన్ని చూశాడు, మళ్ళీ మళ్ళీ, విమానం తరవాత విమానం, చూసి లోపల్లోపల ముచ్చటపడ్డాడు. ఇంటికెళ్ళి కూతురుతో ఫోనులో, ఇవాళ మీ అమ్మ బాగా పనిచేసింది, అని కూడా అన్నాడు, ఆ ఒక్క మాట మటుకు తనంతట తను అనేవాడు. పైగా ఇప్పుడు దాన్నే కొత్త మిషనుకి అప్పగించాలని కూర్చున్నాడు. నోట్లో ఆ అబద్ధం ఇంకా ఉంది. రేకు చల్లారడానికమ్మా. చాలా తేలిక. అది అనకపోతే రేపట్నుంచి ఏముంటుంది? కొత్తది కళ్ళతో చూసుకుంటూ ముక్కునుంచి తోకదాకా ఒక్క బిగిని పోతుంది, ఎక్కడా ఆగదు, ఎవరి నడకా కాదు. షెడ్డులో ఆవిడది అనే జానెడు చోటు కూడా ఉండదు. ఇంట్లో బట్టలు కూతురు పట్టుకుపోయింది, గొంతు ఏ ఫోనులోనూ లేదు, వాగుడుకాయ గొంతు ఎవరు దాచుకుంటారు, అది రేపు కూడా ఉంటుందనే అనుకుంటారు. మిగిలింది ఇదొక్కటే. ఈ ఆగడమొక్కటే. ఆయాసమే కానీ, అదైనా ఆవిడదే కదా.

స్పీకరు గరగరమంది. అవతలి గదిలోంచి ఇంజనీరమ్మ. "పెద్దాయనా, వింటున్నారా? ఇంకొక్క ఆగడం ఉంది, తోక దగ్గరిది. ఏమంటారు, ఉంచమంటారా?"

ఆయన మైకు దగ్గరికి వంగాడు. అలవాటుగా వేలి కణుపు మైకు మీద కొట్టబోయింది. ఆ వేలిని రెండో చేత్తో పట్టుకున్నాడు.

"అక్కర్లేదమ్మా."

"వేడి కోసం కాదా?"

"కాదు. ఆయాసం."

"ఏమిటండీ?"

"మా ఆవిడకి ఆయాసం వచ్చి ఆగింది. నాకోసం ఆగుతున్నానని చెప్పేది. నేను నమ్మాను." గొంతు తనది కానట్టు ఉంది, చాలాకాలం తెరవని తలుపులా ఉంది. అయినా ఆపలేదు. "పనికీ దానికీ సంబంధం లేదు. ఆ ఆయాసాన్ని ఇంకో మిషనుకి అంటించకండి. తీసెయ్యండి."

అవతలి గదిలో కుర్చీ కదిలిన చప్పుడయింది. తరవాత, బాగా మెల్లగా, "ఈ ఆఖరిది కూడా దాటించెయ్యనా? ఇక్కడినుంచే చెయ్యొచ్చు. ఆగకుండా పోతుంది," అంది.

"వద్దు," అన్నాడు ఆయన. "దీన్ని దాని నడకన పోనీ."

మిషను చెయ్యి తోక కిందికి చేరింది. అక్కడ రేకు సన్నబడి పైకి లేస్తుంది, నడిచినవాళ్ళు తల ఎత్తి, చేతులెత్తి పనిచెయ్యాల్సిన చోటు, ముఠాలో వయసులో ఉన్నవాళ్ళే బుజాలు పట్టుకుపోయి తిట్టుకునే చోటు. చెయ్యి పైకి లేచింది, కొంచెం పాకింది. దీపం ఆరిపోయింది. ఆయన స్టూలు మీదినుంచి లేచి అద్దానికి రెండు అరచేతులూ ఆనించి నిలబడ్డాడు. ఆ రోజు ఈ సమయానికి ఆయన కుడిపక్కన తోక దాటేసి, పని అయిపోయిందన్నట్టు గోడకి ఆనుకుని ఉన్నాడు. ఆ గోడ ఇప్పుడు కూడా కనబడుతోంది. అటుపక్క ఆవిడ పిడి పట్టుకుని, ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండగా, ఎంతమంది చూస్తున్నారో చూసి, నవ్వు మొహం పెట్టుకుని నిలబడి ఉంటుంది. ఈసారి కేక కూడా వేయలేదు. అవును, తోక దగ్గర కేక వినబడలేదు ఆ రోజు. వేయడానికి గాలి ఏదీ?

"తొందరేం లేదు," అన్నాడు ఆయన. అద్దం మీద ఆవిరి పట్టింది. ఇంకా గట్టిగా, ముఠాలో మిగతావాళ్ళు అరిచినట్టు, విమానం అడ్డం ఉన్నా వినబడేటట్టు అరిచాడు. "ఓయ్! నేనిక్కడే ఉన్నా. తొందరేం లేదే, మెల్లిగా రా."

మిషను కదలలేదు. ఆ ఖాళీ షెడ్డులో గొట్టం ఒక్కటే గాలిని లోపలికి లాక్కుంటోంది, అది లాక్కోవడమే గాని వదలడం ఎరగదు, లాక్కుంటూనే ఉంది, లాక్కుంటూనే ఉంది, దీపం మళ్ళీ వెలిగేదాకా ఆయన తన ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.